బోరుకొచ్చిందన్న డీజిల్ పికప్: విప్పకముందు నేను చూసుకున్నవి

3,40,000 కిలోమీటర్లు తిరిగిన పికప్ బానెట్ ఎత్తి, ఆయిల్ మూత దగ్గర పొగ చూడగానే చాలామంది నోట వచ్చే మాట ఒకటే: "ఇంజిన్ బోరుకొచ్చింది, విప్పాల్సిందే." సిలిండర్ గోడలు, పిస్టన్ రింగులు అరిగిపోయాయని దాని అర్థం. ఈ బండికీ అదే తీర్పు వచ్చింది. 2.5 లీటర్ల, నాలుగు సిలిండర్ల కామన్ రైల్ టర్బో డీజిల్. పొద్దున స్టార్ట్ చేస్తే తెల్ల పొగ, స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా నడిచేటప్పుడు) వణుకు, బ్రీదర్ గొట్టం (ఇంజిన్ కింది భాగంలోని గ్యాసు బయటికి పోయే దారి) నుంచి బ్యాక్ కంప్రెషన్, అంటే ఊదినట్టు ఎదురొచ్చే గ్యాసు, 2,000 కిలోమీటర్లకు అర లీటరు పైన ఆయిల్ ఖర్చు, క్రాంక్ వెనక సీలు దగ్గర చెమ్మ. ఏది చూసినా రింగులు పోయినట్టే అనిపిస్తుంది. కానీ రింగులు నిక్షేపంగా ఉన్న ఇంజిన్‌లో కూడా వీటిలో ప్రతి ఒక్కటీ ఇంకేదో చిన్న లోపం వల్ల రావచ్చు. ఆ చిన్న లోపాలన్నీ ఒక్కొక్కటే తీసేశాక మిగిలేదే అసలు అరుగుదల. నేను ఆ వరసలోనే వెళ్లాను; ప్రతి దశలో వచ్చిన అంకెలు కింద రాస్తున్నాను.

ముందు కిలోమీటర్ల సంగతి. ఆ అంకె ఒక్కటే చూస్తే ఏమీ తేలదు, దాన్ని ఇంజిన్ నడిచిన గంటలతో భాగించాలి. స్కానర్ పెడితే చాలా బళ్లలో ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఆ గంటలు చూపిస్తుంది. ఈ బండికి 7,900 గంటలు. అంటే సగటు వేగం గంటకు 43 కిలోమీటర్లు. ఎక్కువ కాలం సరైన వేడి మీద, రోడ్డు మీద నడిచిన ఇంజిన్ అన్నమాట. అవే కిలోమీటర్లకు 14,000 గంటలు కనిపిస్తే సగటు 24కు పడిపోతుంది. ఆ బండి ఆగినచోటే స్లోలో బోలెడంత కాలం గడిపిందని అర్థం. స్లోలో నడిచే డీజిల్ ఇంజిన్ సరిగా వేడెక్కదు. సగం మండిన డీజిల్ సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, రింగుల గాడుల్లో మసి గట్టిపడి రింగులు కదలకుండా పట్టేస్తాయి. రెండు లక్షలే తిరిగినా గంటలు ఎక్కువున్న బండి కంటే, నాలుగు లక్షలు తిరిగి గంటలు తక్కువున్న బండినే నేను నమ్ముతాను.

తర్వాత చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసి చూడటం. కనీసం ఎనిమిది గంటలు ఆగి ఉండాలి. వాల్వ్ కవరు, రేడియేటర్ పై గొట్టం చేత్తో తాకి, చల్లగా ఉన్నాయని తెలుసుకున్నాకే తాళం తిప్పాలి. ఎవరైనా ముందే ఒకసారి స్టార్ట్ చేసి ఉంచితే ఈ పరీక్షకు విలువ లేదు. అదే సమయంలో ఆ గొట్టాన్ని వేళ్లతో నొక్కి చూడండి. రాత్రంతా ఆగిన బండిలో కూడా గట్టిగా, ఉబ్బినట్టు తగిలితే హెడ్ గ్యాస్కెట్ దారిన గ్యాసు నీళ్లలోకి పోతోందని అనుమానించాలి. ఇక్కడ మెత్తగానే ఉంది.

సెల్ఫ్ ఆరేడు సెకన్లు తిరిగాక ఇంజిన్ అందుకుంది. కళ్లు మండించే తెల్ల పొగ, పచ్చి డీజిల్ వాసన. పొగను రంగుతో పాటు వాసనతోనూ, ఎప్పుడు వస్తుందన్నదానితోనూ చదవాలి. కళ్లు మండే తెల్ల పొగ మండని డీజిల్. తియ్యటి వాసనతో, ఇంజిన్ వేడెక్కినా ఆగని తెల్ల పొగ కూలెంట్. నీలం పొగ ఆయిల్: స్టార్ట్ చేసిన వెంటనే ఒక్కసారి గుప్పుమని ఆగిపోతే వాల్వ్ సీళ్లు, లోడు మీద అదే పనిగా వస్తే రింగులు గానీ టర్బో గానీ. నల్ల పొగ వస్తే గాలి తగ్గినట్టు, లేదా డీజిల్ ఎక్కువైనట్టు. దానికి రింగుల అరుగుదలతో నేరుగా సంబంధం లేదు.

పొద్దున పూట కష్టంగా స్టార్ట్ అయ్యే డీజిల్‌లో కంప్రెషన్‌ను నిందించే ముందు బ్యాటరీ, హీటర్ ప్లగ్గులు (స్టార్టింగ్‌లో సిలిండర్ లోపల వేడి పుట్టించేవి) చూడాలి. మల్టీమీటర్ పెట్టి సెల్ఫ్ కొడితే బ్యాటరీ వోల్టేజి 8.9కి పడింది. 9.6 కంటే కిందికి దిగితే బ్యాటరీని గానీ, ఎర్త్ కేబుల్‌ను గానీ అనుమానిస్తాను. వోల్టేజి పడితే సెల్ఫ్ నెమ్మదిగా తిరుగుతుంది, నెమ్మదిగా తిరిగితే గాలి నొక్కుకునేలోపే వేడి సిలిండర్ గోడలకు పోతుంది, డీజిల్ అంటుకోదు. హీటర్ ప్లగ్గుల వైరు విప్పి ఒక్కొక్కదాని రెసిస్టెన్స్ కొలిచాను. మీటరు వైర్లకే 0.2 ఓం దాకా ఉంటుంది, దాన్ని తీసేసి లెక్కపెట్టాలి. రెండు ప్లగ్గులు 0.7, 0.8 ఓం చూపించాయి. మిగతా రెండూ అసలు కరెంటే పోనివ్వలేదు, అంటే కాలిపోయాయి.

హీటర్ ప్లగ్గులు విప్పడంలో తొందరపడితే హెడ్ దించే పని తెచ్చుకున్నట్టే. ముందు రోజు రాత్రి తుప్పు వదిలించే నూనె మరలకు పట్టించి, మర్నాడు ఇంజిన్ వేడిగా ఉండగా టార్క్ స్పానర్‌తో విప్పాను. 10 మి.మీ. మర ఉన్న ప్లగ్గు 35 న్యూటన్ మీటర్ల దగ్గర విరిగిపోయే ప్రమాదం ఉంది, 8 మి.మీ. మర ఉన్నది 20కే విరుగుతుంది. ఆ లోపు కదలకపోతే ఆపి, ఇంజిన్‌ను మళ్లీ వేడి చేసి, మళ్లీ ప్రయత్నించాలి. కొంచెం వదులయ్యాక కూడా ఒక్కసారిగా తిప్పెయ్యకుండా ముందుకూ వెనక్కూ తిప్పుతూ తీయాలి. కొత్తవి 15 న్యూటన్ మీటర్లకు బిగించాను.

కొత్త బ్యాటరీ, రెండు ప్లగ్గులతో పొద్దున స్టార్టింగ్ రెండు సెకన్లకు దిగింది. పొగ సగానికి పైగా తగ్గింది. వణుకు మాత్రం అలాగే ఉంది.

ఇక అసలు గొడవంతా దేని గురించో ఆ బ్యాక్ కంప్రెషన్. ఆయిల్ మూత విప్పి తలకిందులుగా పెట్టి, అది ఎగిరితే ఇంజిన్ పోయిందనడం పాత పద్ధతి. దాన్ని నేను ఒక సూచనగా మాత్రమే తీసుకుంటాను. కొన్ని ఇంజిన్లలో మూత కిందే చెయినో, రాకరో తిరుగుతుంటుంది. ఆయిల్ చిమ్మి మూత ఆడుతుంది, రింగులతో పనే లేదు. అందుకే అంకెలో కొలవడం మేలు. పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాన్ని యు ఆకారంలో ఒక చెక్కకు కట్టి, సగం దాకా నీళ్లు పోసి, ఒక కొసను డిప్ స్టిక్ గొట్టానికి గాలి పోకుండా బిగించాను. రెండో కొస తెరిచి ఉండాలి. ఇంజిన్ వేడెక్కాక స్లోలో రెండు వైపుల నీటి మట్టాలకు మధ్య తేడా 14 సెంటీమీటర్లు. 10 సెంటీమీటర్ల నీరు దాదాపు 10 మిల్లీబార్‌కు సమానం. బ్రీదర్ గాలిని ఇన్‌టేక్‌లోకి లాగే ఇలాంటి ఇంజిన్లలో ఇది సున్నాకు దగ్గరగా ఉండాలి. 14 అంటే చాలా ఎక్కువ.

కానీ చాంబర్‌లో, అంటే క్రాంక్ తిరిగే, ఆయిల్ నిలిచే ఇంజిన్ కింది భాగంలో, ఒత్తిడి పెరగడానికి రెండే దారులున్నాయి: లోపలికి గ్యాసు ఎక్కువ రావడం, లేదా బయటికి పోయే దారి మూసుకుపోవడం. చాలామంది రెండోది చూడరు. వాల్వ్ కవరు పక్కనున్న ఆయిల్ సెపరేటర్ విప్పి వెలుతురుకు పెట్టి చూస్తే అవతలి పక్క కనిపించలేదు. లోపలి జాలీ నిండా తారులాంటి బంక, గొట్టం మూలలో చిటికెన వేలు కూడా దూరనంత మసి గడ్డ. జాలీ కొత్తది వేసి, గొట్టం డీజిల్‌తో కడిగి ఆరబెట్టి బిగించాను. 14 సెంటీమీటర్లు 6కు దిగింది.

ఈ ఒక్క మూసుకుపోయిన దారి ఎన్ని రోగాలు తెచ్చిపెడుతుందో చూడండి. చాంబర్‌లో ఒత్తిడి పెరిగితే ఆయిల్ క్రాంక్ సీళ్ల దగ్గర బయటికి తోసుకొస్తుంది; సీలు పోయిందనుకుని గేర్‌బాక్స్ దించుతారు. టర్బో నుంచి ఆయిల్ చాంబర్‌లోకి తిరిగి దిగేది తన బరువుతోనే, దానికి పంపు లేదు. కింద ఒత్తిడి ఉంటే ఆ ఆయిల్ దిగదు, టర్బోలోనే నిలిచి షాఫ్టు పక్కనుంచి ఇన్‌టేక్‌లోకి కారుతుంది. నీలం పొగ వస్తుంది, టర్బో పోయిందంటారు. కొత్త టర్బో వేస్తారు, నెల తిరక్కుండానే అదీ కారుతుంది. మూలం సెపరేటర్ జాలీలో ఉన్నంతకాలం ఎన్ని టర్బోలు మార్చినా అంతే.

మిగిలిన 6 సెంటీమీటర్లు ఎక్కడివి? బ్రేకుల వాక్యూమ్ పంపు లాగిన గాలిని చాంబర్‌లోకే వదులుతుంది. బ్రేక్ బూస్టర్ పొర చిరిగితే పంపు ఆగకుండా బయటి గాలిని లాగి లోపల పోస్తూనే ఉంటుంది, అచ్చం రింగులు పోయినట్టే ఊదుతుంది. పంపు దగ్గర గొట్టం పీకి మూసేసి చూశాను. మట్టం మారలేదు, కాబట్టి బూస్టర్ బాగుంది. తర్వాత ఇంజెక్టర్ల కింది రాగి వాషర్లు. ఈ ఇంజిన్‌లో ఇంజెక్టర్లు వాల్వ్ కవరు లోపలి నుంచి దిగుతాయి. వాషర్ లీకైతే మండిన గ్యాసు నేరుగా కవరు కిందికి, అక్కడి నుంచి బ్రీదర్‌లోకి పోతుంది. ఆ గ్యాసుతో వచ్చే మసి ఆయిల్‌లో కలిసి గడ్డలుగా చాంబర్‌లోకి దిగుతుంది, చివరికి ఆయిల్ పంపు పీల్చే జాలీని మూసేస్తుంది. అందుకే దీన్ని చిన్న లీకుగా వదిలెయ్యకూడదు. రెండో ఇంజెక్టర్ చుట్టూ నల్లటి, బొగ్గులా గట్టిపడిన పెంకు ఉంది. స్లోలో అక్కడ చెవి పెడితే 'చఫ్ చఫ్' మన్న శబ్దం స్టార్టింగ్‌లో స్పష్టంగా, వేడెక్కాక సన్నగా వినిపించింది.

ఇంజెక్టర్ తీసి కొత్త వాషర్ వేసి బిగిస్తే సరిపోదు. కింద సీటు మీద అతుక్కున్న మసి పోకపోతే కొత్త వాషరూ వారంలో లీకవుతుంది. రంధ్రం అడుగున గ్రీజు పెట్టి, దాంట్లో పొట్టు అతుక్కునేలా చేసి, సీటు కట్టర్‌ను చేత్తో మాత్రమే మెల్లగా తిప్పాలి. డ్రిల్లుకు బిగించి తిప్పితే సీటు ఎక్కువ తగ్గి ఇంజెక్టర్ కిందికి దిగుతుంది, దాంతో డీజిల్ చల్లే చోటు మారిపోతుంది. సీటు రాగి వాషర్ అంత మేర ఏకరీతిగా మెరిసేదాకా చేసి, గ్రీజు పూర్తిగా తుడిచి, కొత్త వాషర్, కొత్త క్లాంప్ బోల్టుతో కంపెనీ చెప్పిన టార్క్‌కు బిగించాను. నాలుగింటికీ మార్చాను, ఎందుకంటే కవరు ఎలాగూ తీశాం. ఏ ఇంజెక్టర్ ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టుకోవాలి. దాని మీది కోడ్ ఈసీయూలో ఆ సిలిండర్‌కే రాసి ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా రైలు (ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే హై ప్రెషర్ గొట్టం) పైపుల నట్లు మాత్రం ఎప్పుడూ వదులు చేయకండి. లోపల 1,600 బార్ దాకా ఒత్తిడి ఉండొచ్చు. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన గాయం అది.

ఇంజెక్టర్ల పని అయ్యాక నీటి మట్టం తేడా 2.5 సెంటీమీటర్లు. రింగుల నుంచి వచ్చే అసలు బ్యాక్ కంప్రెషన్ అంతే.

వణుకు మిగిలింది. ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు విప్పి నాలుగు సీసాల్లోకి పెట్టి రెండు నిమిషాలు స్లోలో నడిపాను. నాలుగూ దాదాపు ఒకే మట్టానికి నిండాయి. ఒకటి మిగతావాటికి రెట్టింపు నిండితే ఆ ఇంజెక్టర్ లోపల లీకవుతున్నట్టు. ఇక్కడ ఆ లోపం లేదు. కంప్రెషన్ చూడాల్సిందే.

డీజిల్‌కు పెట్రోల్ బండి గేజు పనికిరాదు, అది 20 బార్ దగ్గరే ఆగిపోతుంది. 40 బార్ దాకా చూపించే గేజు, హీటర్ ప్లగ్ రంధ్రంలో బిగిసే అడాప్టర్ కావాలి. ఇంజిన్ వేడిగా, బ్యాటరీ నిండుగా ఉండాలి. నాలుగు ప్లగ్గులూ తీసి, ఇంజెక్టర్ల కనెక్టర్లు పీకి డీజిల్ రాకుండా చేసి, ఒక్కో సిలిండర్‌కు ఆరేడు కంప్రెషన్ల దాకా సెల్ఫ్ తిప్పాలి. అంకెతో పాటు సూది ఎలా ఎక్కుతుందో కూడా చూడాలి. మంచి సిలిండర్ మొదటి దెబ్బకే చాలా వరకు ఎక్కుతుంది. అరిగిన రింగులైతే దెబ్బ దెబ్బకూ కొంచెం కొంచెం పెరుగుతూ పోతుంది.

వచ్చినవి వరసగా 27, 26, 20.5, 27 బార్. మామూలుగా కొత్త డీజిల్‌లో 27 నుంచి 33 దాకా వస్తుంది. 20కి దిగితే సిలిండర్ పోయిందంటారు. సిలిండర్ల మధ్య తేడా 3 నుంచి 5 బార్ మించకూడదు. మూడో సిలిండర్ ఒక్కటే దెబ్బతింది. 3,40,000 తర్వాత మిగతా మూడూ ఇంత దగ్గర దగ్గరగా 26, 27 ఇస్తున్నాయంటే మొత్తం బోరు అరిగిందన్న మాట అక్కడే వీగిపోయింది.

ఇక్కడ చాలామంది పెట్రోల్ ఇంజిన్ అలవాటుతో ఒక స్పూను ఆయిల్ సిలిండర్‌లో పోసి మళ్లీ కొలుస్తారు; అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు అని. డీజిల్‌లో అలా చేయకండి. 2.5 లీటర్ల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ 625 మి.లీ. కంప్రెషన్ నిష్పత్తి 18:1 అయితే పిస్టన్ పైకి వచ్చాక మిగిలే ఖాళీ దాదాపు 37 మి.లీ. మాత్రమే. అందులో 15 మి.లీ. ఆయిల్ పోస్తే ఖాళీ 22కు తగ్గి, నిష్పత్తి లెక్క ప్రకారం 29కి చేరుతుంది. రింగులు ఎలా ఉన్నా అంకె పెరిగి తీరుతుంది, ఆ పరీక్ష అబద్ధం చెబుతుంది. ఆయిల్ ఇంకొంచెం ఎక్కువైతే అది నొక్కుకోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

దాని బదులు గాలి ఎక్కించి లీకు వినడం మంచిది. మూడో సిలిండర్ పిస్టన్‌ను కంప్రెషన్ చివర పూర్తిగా పైకి తెచ్చి, బండిని టాప్ గేరులో, హ్యాండ్ బ్రేకు మీద పెట్టి, హీటర్ ప్లగ్ రంధ్రంలోంచి 6 బార్ గాలి ఇచ్చాను. గాలి ఇచ్చేటప్పుడు క్రాంక్ బోల్టు మీద స్పానర్ ఉంచకూడదు. పిస్టన్ ఏ మాత్రం పక్కకు ఉన్నా గాలి దాన్ని తిప్పేస్తుంది, స్పానర్ చేతిని కొడుతుంది. ఆయిల్ మూత దగ్గర గాలి వినిపిస్తే రింగులు, ఎయిర్ ఫిల్టర్ దారిలో అయితే ఇన్‌టేక్ వాల్వ్, రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్. ఇక్కడ సైలెన్సర్ గొట్టంలో స్పష్టంగా 'స్‌స్‌స్' మని వినిపించింది. ఎగ్జాస్ట్ వాల్వ్.

ఈ ఇంజిన్‌లో రాకర్ల మీద స్క్రూతో ట్యాపెట్ గ్యాప్ (రాకర్‌కూ వాల్వ్ కాడకూ మధ్య సందు) పెట్టాలి. హైడ్రాలిక్ ట్యాపెట్లున్న ఇంజిన్‌కు ఈ పని ఉండదు. చల్లటి ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ గ్యాప్ 0.40 మి.మీ. ఉండాలి. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ ఒకదానిలో అన్నిటికంటే పల్చని 0.05 మి.మీ. ఫీలర్ కూడా దూరలేదు. గ్యాప్ ఎందుకు తగ్గుతుందంటే, వాల్వ్ దెబ్బ దెబ్బకూ సీటులోకి కొంచెం కొంచెం దిగుతుంది, దిగిన కొద్దీ దాని కాడ పైకి వస్తుంది. గ్యాప్ పెరిగితే టకటక శబ్దం వస్తుంది, అందరూ పట్టించుకుంటారు. తగ్గితే ఇంజిన్ ఇంకా నిశ్శబ్దంగా మారుతుంది, ఎవరూ చూడరు. వేడెక్కాక కాడ సాగి వాల్వ్ పూర్తిగా మూసుకోదు, సందులోంచి మంట దూసుకుపోయి అంచు కాలిపోతుంది. నిశ్శబ్దంగా ఉన్న ట్యాపెట్లను చూసి సంతోషించకూడదని నేను గట్టిగా చెప్తాను.

గ్యాప్‌లన్నీ సరిచేసి, బండిని 300 కిలోమీటర్లు లోడు మీద నడిపి మళ్లీ కొలిస్తే మూడో సిలిండర్ 25 బార్. వణుకు పోయింది.

కింది భాగం, అంటే బేరింగులు ఎలా ఉన్నాయో తెలియాలంటే ఆయిల్ ప్రెషర్. డాష్‌బోర్డు మీది లైటు అర బార్ దగ్గర గానీ వెలగదు, దాన్ని నమ్ముకోకూడదు. ప్రెషర్ స్విచ్ తీసి ఆ చోట మామూలు గేజు బిగించి, అరగంట నడిపాక చూశాను: స్లోలో 1.1 బార్, 3,000 ఆర్‌పీఎం దగ్గర 3.6. ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకు 0.7 బార్ ఉంటే చాలన్నది పాత కొలత. స్లోలో బాగుండి పైన పెరగకపోతే పీల్చే జాలీ మూసుకుపోయిందేమో చూడాలి. చల్లగా బాగుండి వేడి మీద బాగా పడిపోతే బేరింగుల సందు పెరిగినట్టు, లేదా ఆయిల్‌లో డీజిల్ కలిసినట్టు.

ఆయిల్ ల్యాబ్‌కు పంపే నమూనా ఇంజిన్ వేడిగా ఉండగా తీయాలి. మొదట పడే ఆయిల్‌లో అడుగున పేరుకున్న మడ్డి ఉంటుంది, కాబట్టి కొంత పోనిచ్చి మధ్య ధారలో సీసా పట్టాలి. 8,000 కిలోమీటర్లు నడిచిన ఆయిల్‌లో ఇనుము 48 పీపీఎం (పది లక్షల్లో 48 వంతులు), సీసం 4, రాగి 6, అల్యూమినియం 9, సిలికాన్ 22 వచ్చాయి. సీసం, రాగి, తగరం కలిసి పెరిగితే బేరింగులు, ఇక్కడ లేదు. సోడియం, పొటాషియం పెరిగితే కూలెంట్ లీకు, అదీ లేదు. సిలికాన్, అల్యూమినియం, ఇనుము మూడూ కలిసి పెరిగితే దుమ్ము. ఈ రిపోర్టు చెప్పింది అదే. కొత్తగా పూసిన సీలెంట్ వల్ల కూడా సిలికాన్ పెరుగుతుంది గానీ, అప్పుడు అల్యూమినియం పెరగదు.

ఎయిర్ ఫిల్టర్ దాటాక ఉన్న గొట్టం విప్పి, లోపల తెల్ల గుడ్డతో తుడిచాను. శుభ్రమైన వైపు కదా, గుడ్డ తెల్లగానే రావాలి. ఎర్రమట్టి రంగు చార వచ్చింది. ఫిల్టర్ బాక్సు మూతకున్న నాలుగు క్లిప్పుల్లో ఒకటి విరిగి ఉంది, అక్కడ రబ్బరు అంచు మీద దుమ్ము వేలి వెడల్పున దారి చేసుకుని లోపలికి పోయింది. ఎక్కువ తిరిగిన ఇంజిన్లను చంపేది ఏదంటే నా లెక్కలో మొదటిది దుమ్మే. ఆయిల్ ఆలస్యంగా మార్చడం దాని తర్వాతే. కంప్రెసర్ గాలితో ఫిల్టర్ ఊదడం నేను పూర్తిగా మానేశాను. కాగితంలో కంటికి కనిపించని చిల్లులు పడతాయి, మడతల్లోని దుమ్ము అవతలి వైపుకు దాటుతుంది. పాత ఫిల్టర్ కొంచెం మురికిగా ఉంటే గాలి తగ్గుతుందేమో గానీ దుమ్మును మాత్రం బాగా ఆపుతుంది. మాటిమాటికీ తీసి చూసే కొద్దీ లోపలికి దుమ్ము రాలుతుంది. క్లిప్పు, మూత రబ్బరు, ఫిల్టర్ మార్చిన తర్వాతి 8,000కు సిలికాన్ 8, ఇనుము 27కు దిగాయి.

టర్బో చూడటం చిన్న పని. గాలి గొట్టం తీసి షాఫ్టు వేళ్లతో కదిపితే పక్కలకు కొద్దిగా ఆడుతుంది, అది ఆయిల్ పొరకు వదిలిన సందు. ముందుకూ వెనక్కూ ఆట చేతికి తెలియకూడదు, రెక్కలు గోడకు తగిలిన గీతలుండకూడదు. ఇంటర్‌కూలర్ గొట్టంలో పల్చగా ఆయిల్ పూత మామూలే, అడుగున గుంటలా నిలిస్తేనే ఆలోచించాలి.

ఆయిల్ ఖర్చు కొలవడానికి బండిని ప్రతిసారీ ఒకే చదును చోట, పొద్దున చల్లగా ఉండగా చూడాలి. కొలగ్లాసుతో పోసి మాక్స్ గీత దాకా నింపి, 2,000 కిలోమీటర్లయ్యాక మళ్లీ ఆ గీతకు ఎన్ని మి.లీ. పడితే అదే ఖర్చు. పనులకు ముందు 620 మి.లీ., తర్వాత 180. డిప్ స్టిక్ మీద మట్టం తగ్గకుండా పెరుగుతుంటే ఇంకా ప్రమాదం. ఆయిల్‌లో డీజిల్ కలుస్తోందన్నమాట: ఇంజెక్టర్ కారడం వల్ల గానీ, డీపీఎఫ్ (సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టర్) తనలోని మసిని కాల్చే పని మధ్యలో ఆగిపోవడం వల్ల గానీ. మట్టం మరీ పెరిగితే ఇంజిన్ బ్రీదర్ దారిన తన ఆయిల్‌నే పీల్చుకుని, తాళం తీసినా ఆగకుండా రేస్ అవుతుంది. అప్పుడు మాన్యువల్ బండిలో బ్రేకు బలంగా తొక్కి, టాప్ గేరు వేసి, క్లచ్ వదిలి ఇంజిన్‌ను ఆపెయ్యాలి.

ఇక ఇప్పుడు నడిపే పద్ధతి. ఆయిల్ 15డబ్ల్యూ-40, ఏపీఐ సీకే-4 రకం, ఫిల్టర్‌తో కలిపి 6.5 లీటర్లు. 8,000 కిలోమీటర్లు లేదా 200 గంటలు, ఏది ముందైతే అది. మార్చిన వంద కిలోమీటర్లకే ఆయిల్ నల్లబడుతుంది, డీజిల్‌లో అది మసి మాత్రమే. రంగు చూసి ఆయిల్ పోయిందనుకోవద్దు. పాత ఆయిల్ ఫిల్టర్‌ను కట్టర్‌తో కోసి, కాగితం మడతలు విప్పి వెలుతురులో చూస్తాను. రంపంతో కోస్తే ఆ పొట్టే లోపల పడి గందరగోళం అవుతుంది. అయస్కాంతానికి అంటని వెండి రంగు రేకులు కనిపిస్తే బేరింగు పొర ఊడుతోందని అర్థం.

డీజిల్ ఫిల్టర్ 15,000కు. కొత్త ఫిల్టర్‌లో పై నుంచి డీజిల్ నింపి బిగించడం అలవాటుగా చేస్తారు, కామన్ రైల్‌కు అది తప్పు. వడకట్టని డీజిల్ నేరుగా శుభ్రమైన వైపుకు, అక్కడి నుంచి పంపుకూ ఇంజెక్టర్లకూ పోతుంది. ఖాళీగా బిగించి, చేతి పంపు గట్టిపడేదాకా నొక్కాలి. ఎయిర్ పట్టిన ఇంజిన్‌ను సెల్ఫ్‌తో లాగించకూడదు, హై ప్రెషర్ పంపుకు డీజిలే ఆయిల్. ఫిల్టర్ అడుగున నీళ్లు నెలకోసారి వదలాలి.

థర్మోస్టాట్ కూడా మార్చాను, 82 డిగ్రీలది. పాతది తెరుచుకునే ఉండిపోయింది, రోడ్డు మీద ఇంజిన్ 65 దాటేది కాదు. వేడెక్కట్లేదు కదా, మంచిదే అనుకుంటారు. చల్లగా నడిచే డీజిల్‌లో బోరు త్వరగా అరుగుతుంది. క్రౌన్ (వెనక యాక్సిల్ గేర్లు), గేర్‌బాక్స్ ఆయిల్ మార్చేటప్పుడు ముందు పోసే బోల్టు వదులవుతుందో లేదో చూసి, తర్వాతే కింది బోల్టు తీయండి. ఆయిలంతా పోయాక పైది రాకపోతే బండి అక్కడే నిలబడిపోతుంది.

ఇంజిన్ విప్పాల్సిందేనని నేను ఒప్పుకునే సందర్భాలు ఇవి: నాలుగు సిలిండర్లూ కలిసి 20 బార్‌కు దిగడం, గాలి ఎక్కిస్తే ఆయిల్ మూత దగ్గరే వినిపించడం, సెపరేటర్, వాషర్లు, బూస్టర్ అన్నీ సరిగా ఉన్నా నీటి మట్టం తేడా నెలనెలా పెరగడం, వరసగా రెండు నమూనాల్లో సీసం పెరిగి వేడి మీద ఆయిల్ ప్రెషర్ పడటం. ఈ బండిలో ఇప్పటికి అవేవీ లేవు. మూడో సిలిండర్ ట్యాపెట్ గ్యాప్‌ను, కంప్రెషన్‌ను 3,60,000 దగ్గర మళ్లీ చూడాలి. గ్యాప్ అప్పటికే తగ్గి, 25 కిందికి జారితే వాల్వ్ సీటు కోసం హెడ్ ఒక్కటే దించాలి. పిస్టన్లను ముట్టుకునే పని లేదు.